డిక్కీలో గాలి

మా బండి డిక్కీలోకి ఏసీ గాలి రాదు. ఈ సంగతి బండి కొన్న మూడేళ్లకు, నా భార్య పోయిన నాలుగు నెలలకు నాకు తెలిసింది.

పెద్ద బండి. ముందు రెండు సీట్లు, వెనక ముగ్గురు కూర్చునే సీటు, దాని వెనక సామాన్లు పెట్టుకునే చోటు. ఏసీ గాలి వెనక సీటు దాకా వస్తుంది, అక్కడితో సరి. ఆ పైన సీటు వీపు అడ్డం. డిక్కీకి మూడు వైపులా అద్దాలున్నాయి గానీ అవి తెరుచుకునేవి కావు. ఆ చోట మా కుక్కలు రెండూ మూడు ఎండాకాలాలు ప్రయాణం చేశాయి. వాటికి అక్కడ ఎలా ఉందని నేను ఎప్పుడూ ఆలోచించలేదు. వెనక సీట్లో నా భార్య ఉండేది. ఆలోచన ఆమెది, స్టీరింగు నాది.

ఆమెకు మూత్రపిండాలు పాడయ్యాయి. ఉరవకొండ నుంచి అనంతపురానికి వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు పోవాలి. బస్సులో పోయి వచ్చే ఓపిక లేదు కాబట్టి బండి కొన్నాం. వెనక సీట్లో కాళ్లు చాపుకోవచ్చని దాన్నే ఎంచుకున్నాం. కుక్కల సంగతి అప్పుడు ఎవరూ అనుకోలేదు.

కుక్కలు ఊరకుక్కలే. నల్లది తల్లి, ఎర్రది దాని పిల్ల. ఆమె వాటిని నల్లదీ ఎర్రదీ అనే పిలిచేది. పేర్లు పెడితే మనుషుల మాదిరి అలగడం నేర్చుకుంటాయని అనేది. మొదటి వారం వాటిని ఇంట్లో వదిలి పోయాం. బండి వీధి మలుపు తిరిగింది మొదలు మేము తిరిగొచ్చేదాకా రెండూ మోరెత్తి ఏడ్చాయట. ఎదురింటి పెద్దావిడ సాయంత్రం గేటు దగ్గరికి వచ్చి, జబ్బు మనిషి ఉన్న ఇంట్లో కుక్కలు ఏడవకూడదు, ఏదైనా చెయ్యండి అని చెప్పి పోయింది. ఆమె గొంతులో కోపం లేదు, భయం ఉంది. నా భార్యకు నవ్వొచ్చింది. రేపటి నుంచి వాటిని కూడా ఎక్కించమంది.

"నా కోసరం ఏడ్చేదేదో నా ముందరే ఏడ్చనీ" అంది.

అలా మొదలైంది. నేను ముందు, ఆమె వెనక, ఆమె వెనక కుక్కలు. ఆసుపత్రిలో ఆమెను యంత్రానికి తగిలించిన నాలుగు గంటలూ నేను బయట వేపచెట్టు కింద కుక్కలను పట్టుకుని ఏదో ఒక పుస్తకం చదువుకునేవాణ్ణి. అవి నా కాళ్ల దగ్గర పడుకునేవి కానీ తలలు ఆసుపత్రి గుమ్మం వైపే ఉండేవి. వాటికి నేను కట్టుగుంజ లాంటి వాణ్ణి. దానికి నేను బాధపడలేదు. ఎవరి కుక్కలు ఎవరివో ఇంట్లో అందరికీ తెలుసు.

దారిలో వెనక నుంచి వచ్చే శబ్దాలు నాకు బాగా గుర్తున్నాయి. క్యాను మూత తిప్పడం, నీళ్లు పోయడం, గోనెపట్ట పిండడం, తగ్గు గొంతుతో వాటికి ఏదో చెప్పడం. ఆమె రోజుకు తాగాల్సిన నీళ్లు కొలిచి ఒక చిన్న సీసాలో పోసుకునేది. డాక్టర్లు అంతకు మించి తాగొద్దన్నారు. కాళ్ల దగ్గర ఉన్న పెద్ద క్యాను కుక్కలది. మే నెలలో, గొంతు ఎండుకుపోయినప్పుడు, చేతిలో ఉన్న ఆ క్యాను వైపు ఆమె ఎలా చూసేదో నాకు తెలియదు. నేను రోడ్డు చూసేవాణ్ణి.

చలికాలం మధ్యలో ఆమె పోయింది. దాని గురించి ఇక్కడ ఎక్కువ రాయను.

ఆ తర్వాత బండితో పని లేకుండా పోయింది. బ్యాటరీ చెడిపోకుండా వారానికోసారి స్టార్టు చేసి కాసేపు ఉంచి ఆపేసేవాణ్ణి. ఇంజను చప్పుడు వినగానే రెండు కుక్కలూ వచ్చి డిక్కీ తలుపు దగ్గర నిలబడేవి. నేను తాళం తీసుకుని దిగితే ఇంకాసేపు అక్కడే ఉండి, తర్వాత ఒకదాని వెనక ఒకటి పోయేవి. వాటితో మాట్లాడాలని నాకు తోచేది కాదు. ఇంట్లో మూడు ప్రాణాలం ఉన్నా రోజంతా ఒక మాట వినపడని రోజులు ఉండేవి. పాలు పోసే ఆమె వచ్చినప్పుడు నా గొంతు నాకే కొత్తగా ఉండేది.

మే మొదట్లో నల్లది తిండి మానేసింది. పదేళ్లు దాటిన కుక్క, ఎండకు అలా ఉందనుకున్నాను. మూడో రోజు లేవబోయి వెనక కాళ్లు మడతపడి కూర్చుండిపోయింది. దగ్గరికి తీసుకుని చూస్తే చెవుల లోపల, వేళ్ల సందుల్లో గోమార్లు, చిక్కుడు గింజల్లా రక్తం తాగి ఉబ్బి ఉన్నాయి. ఆమె ఉన్నప్పుడు ప్రతి ఆదివారం వాకిట్లో కూర్చుని వాటిని ఏరి కిరసనాయిలు గిన్నెలో వేసేది. నాలుగు నెలలుగా ఆ పని ఎవరూ చేయలేదు. చెయ్యాలని నాకు తెలియదని చెప్పుకోవచ్చు. కానీ ఆ గిన్నె రోజూ వాకిట్లో గట్టు మీదే కనపడుతూ ఉండేది.

ఊళ్లో పశువుల ఆసుపత్రి కాంపౌండరు దాని పెదవి ఎత్తి చిగుళ్లు చూపించాడు. తెల్లగా ఉన్నాయి. గోమార్ల జ్వరం సార్, రక్తం మొత్తం పోయింది, అనంతపురం తీసుకుపోండి అన్నాడు. అక్కడ డాక్టరమ్మ, చిన్న వయసు మనిషి, రక్తం తీసి చూసి రోజు మార్చి రోజు ఏడు ఇంజెక్షన్లు వేయాలంది. అక్కడ ఉంచుకునే వీలు లేదు, ప్రతిసారీ తేవాల్సిందే. ముసలిది కాబట్టి మాట ఇవ్వలేనని కూడా చెప్పింది. ఏడూ పడితే బతకొచ్చు, మధ్యలో ఆపితే బతకదు. దానికి ఇంకే నీరసమూ తగలకూడదు, ముఖ్యంగా ఎండ తగలకూడదు.

మొదటిసారి తెల్లవారుజామున బయలుదేరి ఎండ ముదరకముందే తిరిగొచ్చాం. ఎర్రదాన్ని కూడా తీసుకుపోయాను. దాన్ని వదిలితే ఏడుస్తుంది, అది లేకపోతే నల్లది నీళ్లు కూడా ముట్టదు.

రెండోసారి డాక్టరమ్మ ఉదయం పల్లెల్లో గొర్రెల క్యాంపుకు పోవాల్సి వచ్చింది. పదకొండున్నరకు రమ్మంది. అంటే పది గంటలకు బయలుదేరాలి. మా వైపు మే నెలలో పది గంటలంటే రోడ్డు మీద చెప్పుల్లేకుండా నిలబడలేం.

అప్పుడు ఆమె గోనెపట్టలు గుర్తొచ్చాయి. బియ్యం మూటలు విప్పి కుట్టినవి, రెండు, డిక్కీలోనే మడిచి ఉన్నాయి. ఆమె ఏం చేసేదో నాకు తెలుసనే అనుకున్నాను. తడిపేది, అంతే కదా. మా ప్రాంతంలో ఎవరినడిగినా అదే చెప్తారు. నీళ్ల కుండకు తడి గోనె చుడతారు, తమలపాకుల బుట్టకు చుడతారు, పొలం కాడికి పోయే నీళ్ల సీసాకు తడిగుడ్డ చుడతారు. ఇక్కడి గాలి ఎంత పొడిగా ఉంటుందంటే తడి అన్న ప్రతిదీ చల్లగానే ఉంటుంది. తడికీ చల్లదనానికీ మధ్య ఇంకోటేదైనా కావాలని మాకు తట్టదు.

పట్టలు రెండూ బాగా తడిపాను. ఒకటి కింద పరిచి నల్లదాన్ని ఎత్తి దాని మీద పడుకోబెట్టాను. రెండోది దాని మీద కప్పాను, తల మాత్రం బయటికి ఉంచి. ఎర్రది పక్కన కూర్చుంది. వేడిగాలి రాకుండా అద్దాలన్నీ ఎక్కించి, ఏసీ పూర్తిగా పెట్టాను. ముందు సీట్లో నాకు చలేసింది. అంత జాగ్రత్తగా ఏ పనీ చేసి చాలా రోజులైంది.

కొంత దూరం పోయాక వెనక ఏమీ కనపడకుండా డిక్కీ అద్దానికి ఆవిరి పట్టింది. చూసి సంతోషించాను. చలికాలం పొద్దున అద్దాలకు పట్టే ఆవిరి లాంటిది అనుకున్నాను. వెనక బాగా చల్లబడిందనుకున్నాను. ముప్పై మూడేళ్లు ఇంటర్మీడియట్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పాను. నీరు ఆవిరయ్యేటప్పుడు వేడిని ఎక్కడి నుంచి తీసుకుంటుందో, ఆ ఆవిరి పోయే దారి లేకపోతే ఏమవుతుందో, బోర్డు మీద బొమ్మ వేసి చెప్పాను. ఆ అద్దం నా కళ్ల ముందుంది.

దారి మధ్యలో వచ్చే కూడేరు ఇంకా రాలేదు. ఎర్రది సీటు వీపును గోకడం మొదలుపెట్టింది. ఊరుకోమని అన్నాను. మొరిగింది. అది బండిలో ఎప్పుడూ మొరగదు. నల్లది మాత్రం చప్పుడు చేయలేదు. అది నిద్రపోయిందని నాకు నేను చెప్పుకున్నాను. ఒక క్షణం తర్వాత ఆ మాట నమ్మలేకపోయాను. రోడ్డు పక్కన పంక్చర్ షాపు ఒకటి కనపడితే అక్కడ ఆపి, దిగి, డిక్కీ తలుపు ఎత్తాను.

లోపలి నుంచి ఇడ్లీ పాత్ర మూత తీసినప్పటి వేడి మొహానికి కొట్టింది.

నల్లది పక్కకు పడి ఉంది. నాలుక బయటికి వేలాడి, నోటి నుంచి జిగురు సొంగ కారుతోంది. కళ్లు తెరిచే ఉన్నాయి కానీ నన్ను చూడటం లేదు. ఊపిరి మాత్రం చాలా వేగంగా, పైపైన ఆడుతోంది. పైపట్ట తీయాలన్న తెలివి కూడా రాలేదు. దాని తలను పట్టుకుని నిలబడ్డాను.

పంక్చర్ షాపాయన వచ్చి నా భుజం మీదుగా లోపలికి చూశాడు. యాభై ఏళ్లుంటాయి, గడ్డం నెరిసింది, చేతులకు గ్రీజు.

"డోర్లన్నీ తీ సార్. అన్నీ తీ" అన్నాడు. "ఈ పట్టలేంది, ఇట్ల కప్పిండావు?"

నా జవాబు కోసం ఆగలేదు. పట్ట లాగి రోడ్డు మీద పారేశాడు. నల్లదాన్ని రెండు చేతులతో ఎత్తుకుపోయి షాపు ముందు రేకుల నీడలో పెట్టాడు. ట్యూబుల్లో గాలి ఎక్కడ పోతోందో చూసే నీళ్లతొట్టి ఉంటుంది కదా, దాన్ని ఈడ్చుకొచ్చి నల్లదాని కడుపు, తొడల సందులు, పాదాలు తడిపాడు. మీద దిమ్మరించలేదు. చేత్తో తీసుకుని రాశాడు. తర్వాత కంప్రెసర్ ఆన్ చేసి, టైర్లకు గాలి కొట్టే పైపు తెచ్చి, రెండు మూరల దూరం నుంచి తడిపిన చోటల్లా గాలి పెట్టాడు. కడుపు మీది వెంట్రుకలు పాయలు పాయలుగా విడిపోయాయి. ఆరగానే మళ్లీ తడిపాడు, మళ్లీ గాలి పెట్టాడు. నన్ను మగ్గు పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను.

రోడ్డు మీద బస్సు ఒకటి నెమ్మదించింది. కిటికీలో నుంచి ఎవరో, కుక్కకు పంక్చరా అన్నా అని అరిచారు. ఆయన తల ఎత్తకుండానే, ముందర నీది చూసుకో పో అన్నాడు.

ఎంతసేపైందో తెలియదు. ఊపిరి కొంచెం లోతుగా మారింది. నల్లది నాలుక లోపలికి తీసుకుని మింగింది. తర్వాత తల తిప్పి ఆ గాలిపైపు వైపు చూసి గుర్రుమంది. ఆయన నవ్వి పైపు ఆపేశాడు. స్టీలు గిన్నెలో కొంచెం నీళ్లు పెట్టాడు, ఎక్కువ పెట్టలేదు.

అప్పుడు తీరిగ్గా నా వైపు చూశాడు.

"కాయల మిల్లులో పదైదేండ్లు మూటలు మోసినా సార్. తడి సెనక్కాయలు మూటకట్టి మూతి కుట్టి పెడితే పొద్దుగాలకు లోపల చెయ్యి పెట్టలేవు. ఉడుకెత్తి ఉంటాది. కాయ నల్లగయి పోతాది. నువ్వు జేసింది అదే."

నీళ్లు చల్లబరుస్తాయనుకున్నానని చెప్పాను.

"జేస్తాయి. గాలాడితే జేస్తాయి. గాలే లేకుంటే నీళ్లేం జేస్తాయి సార్?"

ఏం పని చేస్తావని అడిగాడు. కాలేజీలో చెప్పేవాణ్ణి, రిటైరయ్యానన్నాను. ఏం చెప్తాంటివి అన్నాడు. ఫిజిక్స్ అన్నాను. ఆయన కాసేపు కంప్రెసర్ వైపు చూశాడు.

"పెద్ద సదువే" అన్నాడు.

ఎగతాళి లేదు అందులో. ఉంటే బాగుండేది.

మిగిలిన దారి ఏసీ ఆపేసి, నాలుగు అద్దాలూ దించి, వడగాడ్పు మొహానికి తగులుతుండగా నెమ్మదిగా పోయాను. డాక్టరమ్మ జ్వరం చూసి, జరిగింది అడిగి తెలుసుకుంది. తర్వాత, ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే నా దగ్గరికి తేవాల్సిన పని ఉండేది కాదు సార్ అంది. ఇంజెక్షన్ వేసింది, సెలైన్ పెట్టింది. సాయంత్రం దాకా ఉంచుకుని చల్లబడ్డాక పంపింది. ఎల్లుండి సోమవారం కూడా పొద్దున కుదరదు, మధ్యాహ్నమే రావాలని, ఆ తర్వాత రోజుల సంగతి చెప్పలేనని అంది. ఇంకా ఐదు మిగిలాయి. ఇలాంటి ప్రయాణం ఇంకొక్కటి చేయిస్తే అది బతకదు. తీసుకురాకపోయినా బతకదు.

మూడేళ్లు ఆమె ఎలా తీసుకుపోయింది? అదే ఎండ, అదే రోడ్డు, అవే గోనెలు. ఒక్కసారి కూడా కుక్కకు ఏమీ కాలేదు. ఆమెను అడగడానికి వీల్లేదు. చనిపోయిన మనిషి గురించి చాలా బాధలు ముందే ఊహించుకున్నాను కానీ, ఇంత చిన్న ప్రశ్న అడగలేకపోవడం ఊహించలేదు. ఇంట్లో ఆమె చీటీలు ఏమైనా దొరుకుతాయేమోనని వెతికాను. మందుల పేర్లు తప్ప ఏమీ లేవు.

చివరికి ధర్మవరంలో ఉన్న ఆమె చెల్లెలికి ఫోన్ చేశాను. వాళ్లది మగ్గాల ఇల్లు. ఫోన్లో ఎప్పుడూ మాటల వెనక మగ్గం చప్పుడు వినిపిస్తూ ఉంటుంది. సెలవులు దొరికినప్పుడు వచ్చి అక్కకు తోడుగా నాలుగైదుసార్లు ఆ బండిలో వచ్చింది. కుక్కలను అక్క ఎండలో ఎట్లా చూసుకునేదో గుర్తుందా అని అడిగాను.

"నాకేం తెలుసు బావా. బండెక్కితే నాకు నిద్ర. ముందర సీట్లో నోరు తెరుచుకుని పండుకుంటాంటి, నువ్వే నవ్వుతాంటివి."

ఏదైనా గుర్తు తెచ్చుకోమన్నాను. ఏ చిన్నదైనా సరే అన్నాను. ఆలోచించింది. వెనక మగ్గం ఆగింది.

"నాకు గుర్తుండేది మీ కొట్లాటే. నువ్వు అద్దాలెక్కిచ్చేది, అక్క దించేది. నువ్వెక్కిచ్చేది, అక్క దించేది. కూడేరు దాంకా అదే ఆట. చిన్న పిల్లోళ్ల మాదిరి" అని నవ్వింది. తర్వాత, "బావా, లైన్లో ఉండావా?" అంది.

ఉన్నానన్నాను.

ఆ కొట్లాట నాకు గుర్తులేక కాదు. మా పెళ్లిలో ఉన్న వంద చిన్న కొట్లాటల్లో ఒకటిగా గుర్తుంది. నాలుగు అద్దాల బటన్లూ డ్రైవరు తలుపు మీద ఉంటాయి, వెనక తలుపులకు వేరేగా ఉంటాయి. ఆమె వెనక అద్దాలు నాలుగు వేళ్లు దించేది. నేను ముందు నుంచి ఎక్కించేవాణ్ణి. ఆమె చేతికి డయాలసిస్ సూది గుచ్చే చోట పుండుకు దుమ్ము తగలకూడదని నా భయం. ఏసీ ఉండగా ఎందుకీ దుమ్ము అని అనేవాణ్ణి. ఆమె ఎప్పుడూ ఒకటే జవాబు చెప్పేది. "ఉండనీలే. నువ్వు ముందుకు జూడు." జబ్బు మనుషులకు ఉండే పంతం అనుకున్నాను. కుక్కల కోసం అని ఆమె చెప్పలేదు. చెబితే వాటిని ఇంట్లో వదిలెయ్యమంటానని అనుకుందేమో. అలా అనివుండేవాణ్ణే.

ఒకరోజు విసుగొచ్చి వెనక అద్దాలు పనిచేయకుండా ఆపే బటన్ నొక్కాను. ఆమె రెండుసార్లు తన బటన్ నొక్కి చూసి ఊరుకుంది. ఆ రోజు అనంతపురం చేరేదాకా వెనక నుంచి ఒక శబ్దం వచ్చింది. అట్ట ఊపుతున్న శబ్దం. నా ముందరి అద్దంలో చూస్తే ఆమె రిపోర్టుల ఫైలుతో విసురుతోంది. తనకే ఉక్కగా ఉందనుకుని ఏసీ ఇంకాస్త పెంచాను. ఆమె వెనక్కి తిరిగి కూర్చుని ఉందని, విసురుతున్నది సీటు వీపు అవతలికని, అద్దంలో కనపడుతూనే ఉంది. చూశాను. చూసినదాన్ని చదవలేదు. అరగంట పైన విసిరి, ఆ చేతినే తీసుకుపోయి నర్సు ముందు పెట్టి సూది గుచ్చించుకుంది.

మర్నాడు పొద్దున బండి తలుపులన్నీ తెరిచి లోపల కూర్చున్నాను, వెనక సీట్లో, ఆమె కూర్చునే చోట. అక్కడ నేను కూర్చోవడం అదే మొదటిసారి. కూర్చుంటే కనపడింది. తలుపుల పైన పట్టుకునే పిడులు ఉంటాయి. రెండు వైపులా ఆ పిడులకు దారాలు కట్టి ఉన్నాయి. మగ్గం మీద మిగిలిన పట్టుదారం నాలుగు పేటలు పేని చేసినవి, చెల్లెలి ఇంటి నుంచి తెచ్చినవై ఉండాలి. అంతకుముందు కంటపడినా, సర్వీసింగుకు ఇచ్చినప్పుడు ఎవరో ఏదో వేలాడదీసి వదిలేశారనుకున్నాను. గోనెపట్టల మూలలకు చిన్న కన్నాలు, వాటి చుట్టూ కుట్టు. పట్టను దారానికి తగిలిస్తే సరిగ్గా అద్దం సందుకు అడ్డంగా వేలాడింది, ఒక అంగుళం ఎక్కువ తక్కువ లేకుండా. సందులో నుంచి వచ్చే గాలి తడి గోనెలో దూరి, సీటు వీపు మీదుగా డిక్కీలోకి పోతుంది. పట్టలు కుక్కల మీద కప్పడానికి కావు. ఆమె నాకు ఎప్పుడూ ఏమీ దాచలేదు. అంతా అక్కడే వేలాడుతూ ఉంది.

సోమవారం మధ్యాహ్నం అలాగే పోయాను. అద్దాలు నాలుగు వేళ్లు దించి, గోనెలు కట్టి, దారిలో మూడుసార్లు ఆగి తడిపాను. ఆమెకు ఆగే పని ఉండేది కాదు. ఆమె వెనక ఉండేది, నేను నడిపేవాణ్ణి. ఒక్కడే రెండు పనులూ చేయాలంటే ఆగాలి. ఆగితే గాలి ఆగుతుంది, కాబట్టి తొందరగా తడిపి బయలుదేరాలి. చూడటానికి వీలు లేదు కనుక వినడం నేర్చుకున్నాను. రేడియో పెట్టేది మానేశాను. రొప్పులో తేడాలుంటాయి. నోరు తెరిచి నింపాదిగా రొప్పితే ఫరవాలేదు. మధ్యలో మింగడానికి ఆగుతూ ఉంటే మంచిది. ఆగకుండా పైపైన వేగంగా ఆడితే బండి ఆపాలి. అసలు వినపడకపోతే ఇంకా తొందరగా ఆపాలి. నాలుగో ఇంజెక్షన్ నాటికి లారీల మోతలో కూడా ఆ రెండు ఊపిర్లను వేరుచేసి వినగలిగాను. అన్నేళ్లు ఆమె నా వెనక కూర్చుని ఊపిరి పీల్చింది. ఆమె ఊపిరి ఎలా ఉండేదని ఎవరైనా అడిగితే చెప్పలేను.

పంక్చర్ షాపు దగ్గర రెండోసారి ఆగినప్పుడు ఆయన వచ్చి, గోనెలు వేలాడుతున్న తీరు చూసి, పట్ట మీద చెయ్యి పెట్టి, ఆ చెయ్యి మెడకు రాసుకున్నాడు.

"ఇది నీ బుర్ర కాదే సార్" అన్నాడు.

కాదు, నా భార్య చేసేదన్నాను. మరి ఆయమ్మను తోడు తెచ్చుకోవచ్చు కదా, నువ్వొక్కనివే ఎందుకు తిప్పలు పడతాండావు అన్నాడు. పోయిందని చెప్పాను. ఆయన చేతులు తుడుచుకున్నాడు. క్యాను తీసుకుని షాపులోకి పోయి నింపుకొచ్చి, రెండు వైపులా గోనెలు తనే తడిపాడు.

ఏడో ఇంజెక్షన్ రోజు డాక్టరమ్మ రక్తం చూసి తల ఊపింది. నల్లది బల్ల మీద నిలబడి, ఆమె చెయ్యి వాసన చూస్తోంది. చిగుళ్లు లేతగా ఎర్రబడ్డాయి. ముసలిది కాబట్టి ఎన్నాళ్లని చెప్పలేను గానీ ఈ జబ్బుతో మాత్రం పోదు అంది డాక్టరమ్మ. వారానికోసారి గోమార్లు ఏరండి, ఒంటికి మందు రాయండి, నీడలో ఉంచండి. ఇంక తేవాల్సిన పని లేదు.

వచ్చే వారం ఒకసారి చూపించనా అని అడిగాను.

"ఎందుకు సార్? ఈ ఎండలో అనవసరంగా తిప్పొద్దు" అంది.

సరేనన్నాను. రెండింటినీ ఎక్కించి, డిక్కీ వేసి, నా సీట్లో కూర్చున్నాను. ఆసుపత్రి ఆవరణలో గొర్రెలు తెచ్చిన వాళ్లు గోడ నీడన కూర్చుని అన్నం తింటున్నారు. ఒక ముసలాయన తన ముద్దలో సగం తీసి పక్కనున్న భార్య గిన్నెలో వేశాడు. ఆమె దాన్ని తిరిగి ఆయన గిన్నెలో వేసింది. రెండు వారాలుగా నాకు లేవగానే ఒక పని ఉంది. క్యాను నింపడం, గోనె తడపడం, అద్దం దించడం, వినడం. పోవడానికి ఒక చోటు, అక్కడ నా కోసం చూసే ఒక మనిషి, దారిలో ఇంకొక మనిషి. నేను మొక్కుకున్నది నల్లది బతకాలని. బతికింది. రేపు పొద్దున చేయడానికి ఏమీ లేదు.

ఇంటికి పోవాలని లేదు. వేరే పోయే చోటు కూడా లేదు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చున్నాను. గోడ నీడ బండి మీద నుంచి జరిగింది. డిక్కీలో మొదట ఎర్రది, తర్వాత నల్లది రొప్పడం మొదలుపెట్టాయి. ఇంకా నింపాదిగానే, కానీ వేగం పెరుగుతోంది. గోనెలు తడిగానే ఉన్నాయి. నిలబడిన బండిలో వాటి వల్ల ఏ ఉపయోగమూ లేదు. తాళం తిప్పి, గాలి ఆడేంత వేగం వచ్చేదాకా పోనిచ్చాను.